తిరిగి చూడని రాణి

ఆ రాణి మాటెత్తితే చాలు, ఒకప్పుడు నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కు మీదుంటదని మా అవ్వ అంటది, అది నిజమే. కానీ సీరియల్ల కనపడే మనిషి మీద గంత కోపం ఎవరికన్న ఉంటదా అని నా రూముల పిల్ల అడిగింది. ఉంటది. నాకు ఉండె.

అప్పుడు నేను జడ్చర్లల మందు గోలీల కంపెనీల పని చేస్తున్న. ఇప్పుడు గూడ అండ్లనే చేస్తున్న. నేను, ఇంకో పిల్ల, ఇద్దరం కలిసి ఒక రూము కిరాయికి తీసుకున్నం. గోలీల డబ్బాలను అట్టపెట్టెలల్ల సర్దుడు మా పని. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. పని మీద ఉన్నంతసేపు మాట్లాడనీకి ఉండదు. అందుకని డ్యూటీ దిగి బస్సెక్కినమంటే ఇద్దరం ఆగకపోయేది. మాట్లాడుకునేది అంత ఆ సీరియల్ గురించే.

అది ఏ భాషల తీసిండ్రో నాకు తెల్వదు. తెలుగు మాటలు పెట్టి ఫోన్లకు ఇడిసిండ్రు. మొత్తం మూడు భాగాలు. కోటలుంటయి, మంచుల తిరిగే రెక్కల తోడేళ్లుంటయి, మంత్రాలు నేర్చిన ముసలోళ్లుంటరు. నడుమ ఒక పెద్ద ఏరు. ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల పాము కిరీటం పెట్టుకున్న రాజుది ఇంకో రాజ్యం. ఇవతలి రాజు సచ్చిపోతడు. ఆయన పెండ్లానికి ఏడేండ్ల బిడ్డ ఉంటది. అవతలి రాజు కబురు పంపుతడు. రాణి ఒక్కతే ఏరు దాటి నా కోటకు వస్తే మీ రాజ్యం జోలికి రాను, బిడ్డ మాత్రం రావద్దు అంటడు. రాణి పోతది.

మొదటి భాగం ఆఖర్ల ఆమె పడవెక్కుడు చూపిస్తరు. ఒడ్డు మీద బిడ్డ నిలబడి పిలుస్తది. మూడుసార్లు పిలుస్తది. పడవ పోతనే ఉంటది. మనకు రాణి మొఖం చూపించరు, వీపే చూపిస్తరు, నల్ల శాలువ కప్పుకున్న వీపు. ఆ శాలువ చిన్నగై చిన్నగై మంచుల కలిసిపోయేదాంక ఆమె ఒక్కసారి గూడ తిరిగి చూడది.

రెండో భాగంల ఆమె ఇంకా ముదిరిపోతది. అవతలి కోటల కూసొని హుకుంలు ఇస్తది. ఒక సేనాపతికి విషం పెట్టిస్తది. కరువు కాలంల ఏటికి అడ్డకట్ట కట్టించి ఇవతలోళ్లకు నీళ్లు రాకుంట చేస్తది. మల్ల అదే మనిషి, ఎవరికీ తెల్వకుంట, జ్వరాలు లేసిన ఊర్లకు మందుమూలికలు పంపుతది. మంచిదంటవా, చెడ్డదంటవా? ఆ సీరియల్ చూసేటోళ్లందరు కొట్లాడుకునేది ఈమె గురించే. ఫోన్ల ఒక గ్రూపు ఉండె, ఆ సీరియల్ పిచ్చోళ్లందరు అండ్ల ఉంటుండె. పొద్దున లేస్తె రాణి పార్టీ ఒక దిక్కు, రాణి అంటే పడనోళ్లు ఒక దిక్కు.

నేను పడనోళ్ల పార్టీల ముందు వరుసల ఉన్న. అందరు విషం ముచ్చట, నీళ్ల ముచ్చట పట్టుకొని తిడుతుండ్రి. నాకు అవి పట్టలే. ఒకనాడు గ్రూపుల ఇట్ల రాసిన: "విషం పెట్టింది సరే, నీళ్లు ఆపింది సరే, రాజ్యాలన్నంక అన్నీ ఉంటయి. కన్నబిడ్డ మొత్తుకుంటుంటె ఒక్కసారి తిరిగి చూస్తె ఏం పోయేది? మెడ ఇరుగుతుండెనా?" దాని కింద వరుసపెట్టి చప్పట్ల బొమ్మలు పడ్డయి. బస్సుల కూసొని అవి చూసుకుంట మస్తు కుషీ అయిన.

పక్కన కూసున్న మా రూముల పిల్ల ఫోన్లకు తొంగిచూసి, "ఆమె నీకు మేనత్తనా ఏందే, గంతగనం పట్టుకున్నవ్?" అన్నది.

నవ్విన గని చెప్పలే. అప్పటికి రెండేండ్ల సంది ఒకటే రూముల ఉంటున్నం, మా అమ్మ గురించి ఆమెకు నేను ఒక్క ముక్క చెప్పలే.

మాది కోస్గి దిక్కు ఊరు. వాన పడితెనే పంట. కంది, జొన్న, పల్లి, గంతే. తెలంగాణ వచ్చిన ఏడు నేను మూడో తరగతి. ఆ వానకాలంల మా బాపు వేరేటోళ్ల చేన్ల కూలికి పోయి, బోరు మోటరు కాడ కరెంటు కొట్టి సచ్చిపోయిండు. అప్పటికి మా అమ్మకు ఇరవై ఆరేండ్లు. ఆ లెక్క నాకు మొన్నమొన్న తెలిసింది. చిన్నప్పుడు అమ్మ అంటే అమ్మనే, ఆమెకు గూడ ఒక వయసుంటదని ఎవరికి తెల్సు?

మా కులంల మారుమనువు ఉన్నది. మొగుడు పోయిన ఆడామె వయసుల ఉంటే ఆమెను మల్ల ఇంకో ఇంటికి ఇస్తరు. పందిరి ఉండదు, బాజాలు ఉండయి. పెద్దమనుషులు కూసొని మాట్లాడుకుంటరు, చీర పెడ్తరు, తోలిస్తరు. పిల్లలుంటే వాళ్లు తండ్రి ఇంటోళ్లు, తల్లి ఎంబడి పోయేది లేదు. అమ్మకు నల్గొండ జిల్లల కేతేపల్లి దిక్కు, పెండ్లాం సచ్చిపోయిన ఒకాయనతోని కుదిరింది. ఆయన చెడ్డోడని నేను ఎన్నడు ఇనలే. అయినా మా ఊరి నుంచి కోస్గి సంత దాటి ఎరుగని దాన్ని నేను. నా లెక్కకు కేతేపల్లి అంటే లోకానికి ఆ చివర.

ఎండకాలం సెలవులల్ల పోయింది. ఆ పొద్దు అమ్మ నాకు తల దువ్వింది. రోజటి లెక్క కాదు, నొప్పి పుట్టేటట్టు గట్టిగ రెండు జడలేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది. కొబ్బరినూనె చారెడు పోసింది, అది కణతల మీదికెళ్లి చెవులల్లకు కారింది. నేను గులిగిన. ఏడికి పోతున్నం అంటే, "ఏడికి లేదు, ఆడుకో పో" అన్నది. మా బాపును కన్న అవ్వ నన్ను పక్కింటికి పంపింది. అక్కడ గచ్చకాయలు ఆడుతుంటె ఆటో చప్పుడైంది.

బయటికి ఉరికొచ్చి చూస్తె మా ఇంటి ముందట్నుంచి ఆటో కదులుతాంది. ఎండకు గాలి రావాలని ఎనకటి గుడ్డ పైకి చుట్టి కట్టిండ్రు. అమ్మ నడుమ కూసున్నది, ఆకుపచ్చ కొత్త చీర. ఆ దిక్కు ఒక ముసలామె, ఈ దిక్కు ఒక ముసలామె. "అమ్మా" అని పిలిచిన. మల్ల పిలిచిన. ఆటో ఎంబడి ఉరికిన. పిండి గిర్ని దాంక ఉరికిన. అక్కడ చెప్పు తెగింది. ఒంటిచెప్పుతోని ఇంకో నాలుగడుగులు పోయి, కాలు కాలి నిలబడిపోయిన. ఆటో మలుపు తిరిగింది. ఆమె తల గూడ తిప్పలే.

తెగిన చెప్పు చేతుల పట్టుకొని ఇంటికొచ్చిన. ఆటల తెగింది అని అవ్వకు చెప్పిన. అవ్వ పిన్నీసు పెట్టి బాగు చేసి ఇచ్చింది. అమ్మ ఏది అని నేను అడగలే, ఏడికి పోయింది అని అవ్వ చెప్పలే.

ఇంకేమేం జరిగినా, నాకు ఉన్నది ఒకటే రంది. పోయినందుకు కాదు. పోయేటోళ్లు పోతరు. ఆ పొద్దు ఆమెకు తిరిగి చూడాలనిపించిందా, లేదా? గంతే తెల్వాలె నాకు. కండ్లు మూసుకుంటె ఆమె మొఖం యాదికి రాకపోయేది, వీపే యాదికొచ్చేది. ఆకుపచ్చ రవిక, మెడ మీద చిన్న ముడి, ముడిల పువ్వు లేదు. జడ్చర్ల బస్టాండ్ల గసుంటి ముడి వేసుకున్న ఆడామె ఎనక నిలబడితే, నా బస్సు ఇడిసిపెట్టి గూడ ఆమె మొఖం తిప్పేదాంక చూసేదాన్ని. ఎన్నిసార్లు డ్యూటీకి లేటయిందో.

అమ్మ ఫోన్ చేయకపోతుండె అనను. పండుగ పండుగకు చేసేది. అవ్వ ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించేది. "బిడ్డా, తిన్నవా?" అని వినపడేది. నేను పండ్లు కరుచుకొని కూసునేదాన్ని. ఇంకోసారి అడిగేది. దాని తరువాత ఊపిరి ఒక్కటే వినపడేది. నేను ఫోన్ అవ్వ చేతుల పెట్టి లేసిపోయేదాన్ని. చిన్నప్పుడు అట్లనే, పెద్దగైనంక అట్లనే. ఒక్క మాట మాట్లాడలే ఆమెతోని. నిజం చెప్తే, పండుగ ఇంకా పది రోజులు ఉన్నదనంగనే ఆ ఫోను కోసమే ఎదురుచూసేదాన్ని, సకినాల కోసం కాదు. ఈ మాట రాయనీకి ఇప్పుడు గూడ నాకు సిగ్గయితాంది.

ఆదివారం సెలవు దొరికితే ఊరికి పోయేదాన్ని. అవ్వకు మోకాళ్ల నొప్పులు, ఇల్లు కదలది. విత్తనానికి పల్లికాయలు ఒలుసుకుంట అరుగు మీద కూసుంటది. పొద్దు పోవాలని ఆమెకు గూడ ఆ సీరియల్ అలవాటు చేసిన. ఇత్తడి చెంబుకు ఫోన్ ఆనించి పెడితే, ఇద్దరం కాయలు ఒలుసుకుంట చూసేది. రెక్కల తోడేళ్లు కనపడితే, "వీటికి మేత ఎవరేస్తరే?" అనేది. పాము కిరీటం రాజును చూసి, "వీడి నెత్తిమీద బరువుకు వీడి మెడ ఏడనో పడిపోతది" అనేది. నవ్వలేక సచ్చేదాన్ని.

ఒక ఆదివారం పడవెక్కే కథ వచ్చింది. పొద్దు ఇంకా నెత్తి మీదనే ఉన్నది. ఒడ్డు మీద పిల్ల పిలుస్తాంది. అవ్వ చేతులు ఆగిపోయినయి. నేను ఎప్పటి లెక్కనే షురూ చేసిన, చూడు అవ్వా చూడు, మెడ ఇరుగుతుండెనా దీనిది, అని.

"ఆమెకు చెప్పుంటరు బిడ్డా" అన్నది అవ్వ.

"ఏమని?"

"తిరిగి చూడొద్దని."

"గట్ల ఎవరు చెప్తరు?"

"ఇంట్ల పెద్దది ఎవరో ఒకతి చెప్పుంటది." రెండు కాయలు ఒలిసింది. గింజలు చాటల ఏసింది. "మీ అమ్మకు నేనే చెప్పిన."

ఫోన్ల ఏదో యుద్ధం నడుస్తాంది. దాన్ని బంద్ చేయాలని గూడ నాకు తోచలే.

అవ్వ చెప్పింది. మారుమనువుకు పోయేటామె గడప దాటినంక మల్ల ఎనకకు చూడొద్దంటరట. చూస్తే పోయినకాడ కాలు నిలువదు, ఎనక ఇడిసిన పిల్లకు అచ్చిరాదు. అవ్వకు వాళ్ల అత్త చెప్పింది, ఆమెకు ఇంకెవరో చెప్పిండ్రు. "మాట ఒక్కటి చాలదని ఒట్టు పెట్టించిన" అన్నది. "నీ మీదనే. నీకు తల దువ్వుతుండె గదా, చెయ్యి ఎట్లాగు నీ నెత్తి మీదనే ఉండె. చూడను అనుమన్న. మెల్లగ అన్నది. నువ్వు నూనె కారిందని గులుగుతుంటివి, నీకు వినపడలే."

"ఎందుకు పెట్టించినవ్?"

"తిరిగి చూస్తే ఆటో దిగుతది గనుక. నాకు తెల్వదా దాని సంగతి. దిగితే ఏం చేయాలె? కొడుకు పాయె. ఇరవై ఆరేండ్ల పిల్లను నా మోకాళ్లకు కట్టేసుకొని కూసోవాల్నా?"

"మరి నన్ను గూడ పంపకపోతివి?"

అవ్వ చాటలకెళ్లి పుచ్చు గింజలు ఏరి పక్కకు పెట్టింది. "పెద్దమనుషులను బతిమాలితే ఒప్పుకుందురేమో. నేనే అడగలే. నీ మొఖం అచ్చం నా కొడుకు మొఖమాయె. నువ్వు గూడ పోతే ఈ ఇంట్ల నేను గోడలతోని మాట్లాడాల్నా అనుకున్న."

ఏమనాలె ఆమెను? తల్లిని దూరం చేసిన మనిషి, నాకు తిండి పెట్టి సాకిన మనిషి, ఇద్దరు ఒక్కటే అరుగు మీద ఒక్కటే చీర కట్టుకొని కూసున్నరు. నాకు కోపం ఆగలే. నువ్వు మా అమ్మను నా నుంచి గుంజుకున్నవ్ అన్న. అన్నం తినకుంట సంచి పట్టుకొని బస్సెక్కిన. రెండు ఆదివారాలు ఊరికి పోలే. అవ్వ ఫోన్ చేస్తె ఎత్తలే. ఫోన్ ఎత్తకుంట ఉండుడు నాకు బాగ వచ్చిన విద్య.

ఆ రెండు వారాలు ఆ పడవ కథనే ఎన్నిసార్లు చూసిన్నో. రాణి వీపులనే ఏదన్న దొరుకుతదేమో అని చూసిన. ఏం దొరకలే. వీపు వీపు లెక్కనే ఉంటది. అయినా దాన్ని చూసే నా కండ్లు మారినయి. గ్రూపుల ఎవరో రాణిని తిట్టుకుంట నా పాత మాటనే, మెడ ఇరుగుతుండెనా అన్న మాటనే, మల్ల పెట్టిండ్రు. నాకు సుర్రుమన్నది. "నీకు తెల్సా ఆమెకు ఎవరు ఏం చెప్పి పంపిండ్రో? తెల్వకుంట ఎందుకు మాట్లాడుతవ్?" అని రాసిన. ఇగ చూడు, అందరు నా మీద పడ్డరు. ఇది రాసింది నువ్వే గద అన్నరు. కండువ మార్చినవా అన్నరు. రాణి మూలికలేమన్న పంపిందా నీకు అన్నరు. ఒక్కొక్కరికి జవాబు చెప్పి చెప్పి, ఆఖరికి నేనే గ్రూపుల నుంచి బయటికొచ్చిన. మా రూముల పిల్ల నవ్వుడే నవ్వుడు.

మూడో ఆదివారం ఊరికి పోయిన. అవ్వ ఏం అడగలే, నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తిన్న. తిన్నంక ఇద్దరం పల్లికాయలు ముందటేసుకున్నం.

మూడో భాగం వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. ఆఖరి కథ కోసం పండుగకు ఎదురుచూసినట్టు చూసిన. రాణి తను కట్టించిన అడ్డకట్టను తనే తెంపిస్తది. నీళ్లు ఇవతలికి దుంకుతయి. అవతలోళ్లు ఆమెను తరుముతరు, ఇవతలోళ్లు రానియ్యరు. బిడ్డ పెద్దగై ఇవతలి ఒడ్డు మీద నిలబడి ఉంటది. రాణి అవతలి ఒడ్డుకొస్తది. నడుమ ఏరు. ఆ ఏరు చూపించి ఆపేసిండ్రు. తల్లి దాటిందా, బిడ్డ పిలిచిందా, ఏం లేదు. అయిపోయింది అని పేర్లు ఏసిండ్రు.

గిదేం కథనయ్యా. ఇన్నేండ్లు మమ్ముల కూసోబెట్టి గిట్లనా ఇడిసిపెట్టేది? ఆ కోపం రెండు రోజులు తగ్గలే. మూడో రోజు డ్యూటీల డబ్బాలు సర్దుకుంట ఉంటె అనిపించింది. ఆ తీసినోళ్లకు ఏరు దాటించే పురుసత్ లేకుంటె లేదు, నాకేమైంది? కేతేపల్లికి బస్సులు లేవా? ఆడోళ్లకు బస్సు ఫ్రీ ఆయె, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిస్తడు. నాకు చెప్పుకోనీకి సాకు గూడ మిగలలే.

అవ్వకు చెప్పిన. ఆమె మొఖంల ఏం కనపడనియ్యలే. లోపలికి పోయి జొన్నపిండి సంచి కట్టుకొచ్చింది. "ఆ దిక్కంత వడ్లే. రొట్టె తిని ఎన్నేండ్లాయెనో దానికి" అన్నది. నేను గడప దాటంగ ఎనకనుంచి మల్ల పిలిచి, "నా మీద కోపమున్నదేమో అడుగు" అన్నది.

వస్తున్న అని అమ్మకు చెప్పలే. చెప్తే ఎదురుచూస్తది. నడుమల నాకు ధైర్యం చాలక బస్సు దిగిపోతే? పట్నంల బస్సు మారి, నకిరేకల్ దాటి, కేతేపల్లిల దిగేసరికి పొద్దు రెండు జాములైంది. అవ్వ చెప్పిన గుర్తులు పట్టుకొని, అడుక్కుంట అడుక్కుంట ఊరి చివరి దాంక నడిచిన. కోతలు అయిపోయినయి. రోడ్డు పొడుగున వడ్లు ఆరబోసిండ్రు. ఒక ఇంటి ముందట ఒకామె అటు మొఖం పెట్టి, కాళ్లతోని వడ్లు తిరగేసుకుంట చాలుచాలుగ నడుస్తాంది.

ఇగ నేను ఎవర్ని అడగాల్సిన పని లేదు. ఆ వీపు నాకు తెల్సు. జర లావైంది. మెడ మీద ముడి అదే.

ఎంతసేపు నిలబడ్డనో. ఇప్పుడు పిలిస్తె తిరగకపోతే నేను ఏమైపోవాలె? అని ఒక పిచ్చి భయం. పిలిచిన. "అమ్మా" అన్న.

తిరిగింది. నా గొంతు ఆమెకు తెల్వదు. ఇన్నేండ్లు ఫోన్ల నేను మాట్లాడితే గదా తెలిసేది. దుమ్ముకు మొఖానికి చున్నీ కట్టుకొని ఉన్న. "ఎవరు గావాలె బిడ్డా?" అన్నది. చున్నీ ఇప్పిన. ఆమె నా మొఖం చూసి, మా బాపు మొఖం గదా, నిలబడ్డకాడనే వడ్లల్ల కూసున్నది.

ఏడ్చుకున్నం అని రాస్తే బాగుంటదేమో. ఏడ్వలే. ఆమె లేసి, కాళ్లకు నీళ్లిచ్చి, కుర్చీ తెచ్చి, దాన్ని కొంగుతోని తుడిసి కూసోమన్నది. గ్లాసుల నీళ్లు పళ్లెంల పెట్టి ఇచ్చింది. బస్సుల సీటు దొరికిందా అన్నది. చుట్టానికి చేసినట్టు చేసింది. అది నాకు మస్తు గుచ్చుకున్నది. ఆమె తప్పేమున్నది, నేనే చుట్టాన్ని అయిన. ఆయన వడ్ల ట్రాక్టరు ఎంబడి పోయిండు, పొద్దుగూకినంక గని రాడు అన్నది. ఇంట్ల పదేండ్ల ఆడపిల్ల ఒకతి ఉన్నది, తలుపు చాటుకెళ్లి నన్నే చూస్తాంది. నా చెల్లె. రెండు జడలు, గట్టిగ ఏసి ఉన్నయి.

జొన్నపిండి సంచి ఇచ్చిన. ఇప్పి వాసన చూసింది. "అవ్వ పంపిందా?" అని, ఇంకో మాట లేకుంట పొయ్యి ముట్టించింది. నేను పొయ్యి పక్కన పీట ఏసుకొని కూసున్న. ఎసరు పెట్టి పిండి కలిపి, రొట్టె కొట్టుడు షురూ చేసింది. చేతులు మర్చిపోలే. ఆ చప్పుడు ఇనుకుంట అట్లనే ఉండాలనిపించింది నాకు.

చెల్లె జర ధైర్యం చేసి వచ్చి నా పక్కన కూసొని ఫోన్ ఇప్పింది. ఫోన్ల వచ్చేది నాకు చూడకముందే తెలిసింది, ఆ సంగీతం నాకు నిద్రల వినపడినా గుర్తుపడ్త. నల్ల శాలువ కనపడంగనే అమ్మ ఇటు తిరిగింది.

"బంద్ చెయ్యే దాన్ని" అన్నది.

"అమ్మకు ఈ రాణి అంటే అసలే పడదు అక్కా" అన్నది చెల్లె. "కనపడితే చాలు, తిడ్తది."

"ఎందుకు పడదు?" అన్న.

అమ్మ నా దిక్కు చూడలే. రొట్టెను పెనం మీద ఏసి నీళ్లు అద్దింది. "ఎందుకు పడాలె? కన్నబిడ్డ ఒడ్డు మీద నిలబడి మొత్తుకుంటుంటె తిరిగి చూడని మనిషి, మనిషేనా? చూస్తె దాని మెడ ఇరుగుతుండెనా?"

నా మాటనే. అచ్చం నేను రాసిన మాట. ఆ మాట నేను ఎవరి కడుపున పుట్టి నేర్చుకున్ననో అప్పుడు ఎరుకైంది.

"ఆమె తప్పు లేదమ్మా" అన్న. "తిరిగి చూడొద్దని ఎవరో ఒట్టు పెట్టించుకొని పంపుంటరు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి."

అమ్మ చేతుల తడిగుడ్డ అట్లనే ఆగింది. రొట్టె మాడు వాసన వచ్చింది.

"అవ్వ చెప్పిందా నీకు?"

"చెప్పింది. నా మీద కోపమున్నదేమో అడుగుమన్నది."

"ఆమె మీద కోపమేంది" అన్నది అమ్మ. "నా మీదనే నాకు. పెట్టించుకుంటే మాత్రం, ఇనాల్నా? ఎవరన్న ఇంటరా?" మాడిన రొట్టె తీసి పక్కకు పెట్టి, ఇంకో ముద్ద చేతులకు తీసుకున్నది గని కొట్టలే. దాన్ని అట్లనే పట్టుకొని కూసున్నది. "తిరగలే నేను. ఒట్టు నీ మీద ఆయె, ఎట్ల తిరుగుదు? కానీ ఆటోల డ్రైవర్ పక్కన అద్దముంటది గదా. అండ్ల చూసిన."

నేను పీట ఆమె దిక్కు జరుపుకున్న.

"అద్దంల చూస్తే ఒట్టు తప్పినట్టా, తప్పనట్టా? ఎవర్ని అడగాలె? నీకు జరమొచ్చిందని అవ్వ ఫోన్ల చెప్పినప్పుడల్ల, అయ్యో నేను చూసినందుకే ఇట్లాయె అనుకున్న. నువ్వు నాతోని మాట్లాడకపోతే, దానికే అనుకున్న." ముద్దను గిన్నెల ఇడిసి, పిండి చేతులను ఒడిల పెట్టుకున్నది. "రిబ్బన్లు ఎగురుతుండె నీవి. గిర్ని దాంక వచ్చినవు. అక్కడ చెప్పు తెగింది. కుడికాలిది. నాలుగడుగులు కుంటుకుంట వచ్చి నిలబడ్డవ్. దాని తరువాత మలుపొచ్చింది."

ఆ చెప్పు అక్కడ తెగిందని నేను ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే.